దయ్యంతో ప్రేమకథ రాసినందుకు

చిత్తూరు కోర్టు ఎదురుగా ఉన్న ఒక టైపింగు సెంటర్లో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. వకీళ్లు చెప్పింది చెప్పినట్టు కంప్యూటరులో కొట్టి కాగితం తీసి ఇవ్వడం నా పని. మా ఇల్లు పాకాలలో. పొద్దున కాట్పాడి వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే ఇంచుమించు ముప్పావు గంటలో చిత్తూరు చేరతాను. ఆ రైల్లోనే అతను పరిచయమయ్యాడు.

చంద్రగిరిలో ఎక్కి వచ్చేవాడు. కోర్టులో అమీనా. సమన్లు, నోటీసులు పట్టుకుని ఊళ్లు తిరిగి, ఎవరి పేరున వచ్చినవి వాళ్ల చేతిలో పెట్టి సంతకం తీసుకునే ఉద్యోగం. సమన్లు తీసుకోకుండా దాక్కునేవాళ్లను కనిపెట్టడంలో అతన్ని మించినవాడు లేడని వకీళ్లే అనేవాళ్లు. ఎలా కనిపెడతావని ఒకసారి అడిగాను.

"ఇంట్లో లేడు, ఊరికి పోయినాడంటారు. నేనేమీ తగువు పడనక్కా. మంచినీళ్లు అడుగుతా. నీళ్లు తెచ్చేలోపల దండెం పక్క సూస్తా. లుంగీ నీళ్లు కారతా ఉంటే మనిషి ఈడనే ఉండాడని లెక్క. కొత్త చెప్పులు వాకిట్లో విడిచి ఎవుడూ ఊరికి పోడు."

మూడేళ్లు ఇలాంటి కబుర్లు విన్నాను. వేరుశనక్కాయలు కొని, సగం ఒలిచి నా వైపు జరిపేవాడు. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు. నేను అతని కంటే రెండేళ్లు పెద్ద. మా ఆయనకు పాకాలలో వెల్డింగు షాపు. అతనికి భార్య, ఒక కూతురు. భార్య గురించి తక్కువగా, కూతురి గురించి ఎక్కువగా మాట్లాడేవాడు.

ఒక రోజు సిగ్నలు పడక బండి దారిలో గంటకు పైగా ఆగిపోయింది. ముందు రోజు అతను భార్యను కొట్టిన ఒక మనిషికి సమన్లు ఇచ్చి వచ్చాడట. ఆ ఇంటి సంగతి చెబుతూ చెబుతూ చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద మచ్చ చూపించాడు. చర్మం ముడతలు పడి మెరుస్తోంది.

"బెల్లం పాకం. నాకు తొమ్మిదేండ్లప్పుడు. గానుగకాడ మా నాయన తాగి మా యమ్మ మీదికి గంటె విసిరినాడు. నేను చెయ్యి అడ్డం పెట్టినా. అందరికీ టపాకాయ కాలిందని చెప్పినాము."

అతను చొక్కా చెయ్యి దించుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఏడు వానల్లో నాలుగు రోజులు అతను రాలేదు. సెలవు పెట్టాడేమో అనుకున్నాను. అదే పెట్టెలో వచ్చే టీచరమ్మ అయిదో రోజు చెప్పింది. "నీకు తెలీదా? జరమొచ్చి తిరపతి ఆస్పత్రిలో చేర్చినారంట. పోయినాడంట, నిన్ననే ఎత్తేసినారు." నా చేతిలో టిఫిను డబ్బా ఉంది. దాన్ని అలాగే పట్టుకుని చిత్తూరు దాకా కూర్చున్నాను. దినాలకు కూడా పోలేదు. ఏమవుతాడని పోవాలి? ఏడవడానికి కూడా మన దగ్గర వరస కావాలి. మా ఆయనతో రైల్లో వచ్చే ఒకతను పోయాడని మాత్రం అన్నాను. "అయ్యో," అన్నాడాయన, అన్నంలోకి పప్పు వడ్డించుకుంటూ.

నవల అప్పుడు మొదలుపెట్టాను. అతను కూర్చునే కిటికీ పక్కన కూర్చుని, వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం ఫోనులోనే రాసేదాన్ని. అంతకు ముందు రెండు చిన్న కథలు తప్ప ఏమీ రాసినదాన్ని కాదు.

కథ తిరుపతిలో జరుగుతుంది. బస్టాండు ఎదుట సందులో, లాడ్జీల మధ్య, మేడ మీద గదిలో ఒక ఆడ డిటెక్టివు ఉంటుంది. కొండకు వచ్చి తప్పిపోయిన మనుషులను వెతికిపెట్టడం ఆమె పని. ఆ ఊళ్లో, ఇంటికి చేరకుండానే చనిపోయినవాళ్లు ఎక్కడికీ పోరు. ప్లాట్‌ఫారాల మీద, స్టేషను మెట్ల మీద తమ బస్సు కోసం, తమ రైలు కోసం కూర్చునే ఉంటారు. వాళ్లు ఆమెకొక్కతెకే కనిపిస్తారు. వాళ్లలో ఒకడు అమీనా. చనిపోయేనాటికి అతని సంచిలో ఒక సమన్లు మిగిలిపోయింది. దాన్ని అందజేస్తే గానీ అతనికి విడుదల లేదు. ఒక లాడ్జీలో వరసగా మనుషులు మాయమవుతుంటే ఇద్దరూ కలిసి ఆరా తీస్తారు. దండెం మీద లుంగీ, వాకిట్లో చెప్పులు, అన్నీ రాశాను. చేతి మీద మచ్చ రాశాను. గంటె విసిరిన నాయనను కూడా రాశాను.

ఆమెకు అతని మీద ప్రేమ పుడుతుంది. అతనికీ పుడుతుంది. ముట్టుకోవడానికి లేదు, ఊరు దాటి పోవడానికి లేదు. ఆ అధ్యాయాలు రాసేటప్పుడు నేను దిగవలసిన స్టేషను రెండుసార్లు దాటిపోయాను. అతను బతికుండగా నన్ను అక్కా అనే పిలిచాడు. నవలలో ఆ పిలుపు తీసేశాను. అది కథకు అవసరమని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను.

ఫోనులో నవలలు చదివే ఒక యాప్‌లో వారానికో భాగం మారుపేరుతో పెట్టాను. చదివేవాళ్లు పెరిగారు. "అక్కా, వాణ్ని పంపించొద్దు," "దయ్యమైనా మా ఆయన కంటే నయం," అని కింద రాసేవాళ్లు. నన్ను జీవితంలో ఎవరూ అంతగా పొగడలేదు. అందుకే నోరు కట్టుకోలేకపోయాను. కోర్టులో కాపీయిస్టుగా చేసే ఒకామె మా సెంటరుకు వచ్చి ఆ నవల గురించే మాట్లాడుతుంటే, రాసేది నేనేనని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పాలనే నా కోరిక కూడా.

కొన్నాళ్లకు, మధ్యాహ్నం మా ఓనరు భోజనానికి వెళ్లినప్పుడు ఒకామె లోపలికి వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉండవు. మెడలో కోర్టు కార్డు.

"దయ్యం కత రాసేది మీరేనా అక్కా?"

అవునన్నాను. అభిమాని అనుకుని కుర్చీ తుడిచి వేశాను. ఆమె కూర్చుని ఫోను తీసింది.

"ఆయప్ప చేతి మీద మచ్చ ఉండాది గదా. బెల్లం పాకం పడినట్టు రాసినారు. అది మీకెట్ల తెలుసు?"

అప్పుడు కార్డు మీద ఇంటిపేరు చూశాను. అతని ఉద్యోగం భార్యకు ఇస్తారని విన్నాను గానీ, అదే కోర్టులో, అటెండరుగా, రోడ్డుకు అవతలే చేరి ఉంటుందని నాకు తట్టనే లేదు.

"ఊహించి రాసిందేనమ్మా," అన్నాను. "కథ కదా."

ఆమె నా మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"పన్నెండేండ్లు కాపురం చేసినా. నాతో టపాకాయ అనే చెప్పినాడు. దినాలు అయిపోయినాక మా అత్త చెప్పింది, గంటె సంగతి. ఆమెకీ ఆయనకీ తప్ప ఎవురికీ తెలీదంట. మీరు ఊహించినారు."

"అంతేనమ్మా."

"సరే అక్కా. రాసేది ఆపేయండి."

ఆపేస్తానన్నాను. ఆమె లేచి, కుర్చీని గోడ పక్కన ఉన్నచోట పెట్టి వెళ్లిపోయింది.

నిజం చాలా చిన్నది. రైల్లో కలిసి వచ్చేవాళ్లం, ఒక రోజు బండి ఆగిపోయినప్పుడు చెప్పాడు అంటే సరిపోయేది. కానీ భయపడ్డాను. మా ఓనరు, మా ఆయన, పాకాలలో మా వీధి, అందరూ ఒక్కసారి కళ్ల ముందు నిలబడ్డారు. తప్పేమీ చేయనిదాన్ని, అబద్ధం చెప్పి తప్పు చేసినదాన్నయ్యాను. ఆమె అడిగింది మచ్చ గురించే అయినా నేను దాచింది ప్రేమనే అయింది.

ఆపేస్తానని కూడా ఆపలేదు. కథను మధ్యలో వదిలేస్తే చదివేవాళ్లు ఊరుకోరని, ఒక్క భాగంతో ముగిస్తానని అనుకున్నాను. రెండు ప్రయాణాల్లో ముగింపు రాసేశాను. హంతకుడు లాడ్జీ మేనేజరని తేలుతుంది. మిగిలిపోయిన సమన్లు అతని పేరునే. అది అతని చేతిలో పడగానే అమీనాకు విడుదల. వెళ్లే ముందు బస్టాండులో డిటెక్టివు దగ్గర నిలబడి, నిన్ను చూశాకే నాకు బతకాలనిపించింది అంటాడు. అప్పటికి నవలలో అతను చనిపోయి ఏడాది. చదివినవాళ్లంతా ఏడ్చామని రాశారు.

రెండు రోజులకు అతని భార్య మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి రాలేదు. గడప బయటే నిలబడింది. ఓనరు వినేటట్టే మాట్లాడింది.

"పోతా పోతా ఆయమ్మకి చెప్పి పోయినాడే. ఆస్పత్రిలో నోటికి మాస్కు పెట్టినారు. నా చెయ్యి పట్టుకోని ఏందో చెప్పాలని సూసినాడు. నాకు అర్థం కాలా. ఇప్పటికీ అదేందని రోజూ అనుకుంటా ఉండా. నువ్వు ఆ మాట కూడా రాసినావు. అదీ ఆమెకి."

మీరు పోయి నువ్వు వచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేచి ఏం చేయాలో తెలియలేదు. ఆ సాయంత్రం రైలు ఎక్కకముందే స్టేషనులో కూర్చుని నవల మొత్తం యాప్‌లోంచి తీసేశాను. నా ఫోనులో ఉన్నదీ తీసేశాను.

ఈలోగా మాట మా ఇంటికి చేరింది. ఎవరు చేర్చారో అడగలేదు. మా ఆయన షాపు మూసి వచ్చి కాళ్లు కడుక్కుని అడిగాడు.

"ఎవుడు వాడు?"

"చచ్చిపోయినాడు. రైల్లో వచ్చేవాడు. ఏమీ లేదు."

"ఏమీ లేకుండానే అంత రాసినావా?"

బతికి ఉన్నప్పుడు అతను సెలవు పెట్టిన రోజుల్లో నేనేమీ బెంగ పడలేదు. చనిపోయాకే రోజంతా అతనితో మాట్లాడాను. దాన్ని ఏమనాలో నాకు తెలియదు. మా ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఆ రోజు నుంచి నన్ను స్టేషనుకు బండి మీద దింపడం మానేశాడు. నడిచి పోతున్నాను.

నవల తీసేశాక పని అయిపోయిందనుకున్నాను. కొన్ని నెలలకు ప్యాసింజరులో ఎవరి ఫోనులోంచో బరువైన ఒక మగ గొంతు వినిపించింది. వెనక భయం పుట్టించే సంగీతం. రెండు వాక్యాలు విన్నాక అవి నావని గుర్తుపట్టాను. ఎవరో నా నవలను ముందే కాపీ చేసుకుని, ఊరును హైదరాబాదు చేసి, అమీనాను పోలీసు చేసి, వీడియోలుగా చదివి పెడుతున్నారు. మచ్చ మాత్రం మార్చలేదు. బెల్లం పాకం, తాగిన నాయన, అన్నీ అలాగే ఉన్నాయి. తీసేయమని రాశాను. రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. నేనే రాశానని రుజువు చూపాలంటే నా దగ్గర ఏదీ మిగల్లేదు, అన్నీ నేనే తీసేశాను కదా.

కోర్టు క్యాంటీనులో కూడా ఆ వీడియోలు వింటున్నారని కాపీయిస్టు చెప్పింది. ఎవరో అన్నం తింటూ పెట్టుకున్నారట. అతని భార్య ఆ పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉందట, లేచిపోకుండా చివరిదాకా తినిందట.

అప్పుడు నిజం చెబుదామని కోర్టులోకి వెళ్లాను. వరండాలో ఫైళ్ల కట్ట మోసుకుంటూ ఎదురొచ్చింది. పక్కకు పిలిచి అంతా చెప్పాను. రైలు, వేరుశనక్కాయలు, బండి ఆగిన రోజు. మచ్చ సంగతి తనే చెప్పాడని, ప్రేమ మాత్రం అంతా నేను కల్పించిందని చెప్పాను.

"నన్ను అక్కా అనే పిలిచేవాడమ్మా," అన్నాను.

"నేనూ అక్కా అనే గదా పిలిచినా," అంది. "ఆ పొద్దే చెప్పింటే నమ్మిండేదాన్ని. పన్నెండేండ్లు నాకు చెప్పనిది రైల్లో ఎవురికో చెప్పినాడే అని రెండు దినాలు ఏడ్చి ఊరకుండేదాన్ని. ఇప్పుడు చెప్తే నేను దేన్ని నమ్మేది? నువ్వు కతలు బాగా రాస్తావు."

ఫైళ్లు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని లోపలికి వెళ్లింది. నేను వరండాలో కాసేపు నిలబడి, ఎవరో తప్పుకోమంటే తప్పుకుని సెంటరుకు వచ్చాను.

పోయిన వేసవిలో కోర్టు నుంచి ఒక డవాలీ బంట్రోతు చేతిరాత కాగితం తెచ్చి టైపు చేయమన్నాడు. బదిలీ కోరుతూ అర్జీ. సత్యవేడు కోర్టుకు వేయమని. అక్కడ ఆమెకు బంధువులు కూడా లేరని అతనే అన్నాడు. కింద ఆమె పేరు ఉంది. కారణం దగ్గర ఒక్క ముక్క రాసి ఉంది: సొంత కారణాలు. నేను టైపు చేసి, ఒక అచ్చుతప్పు దిద్ది, రెండు కాపీలు తీసి ఇచ్చాను. జూన్‌లో ఆమె వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.