సలహా సంఘానికి నేను పంపిన సున్నుండలు

పోయిన నెల నేను ఏలూరులో చేసిన ఘనకార్యం మీలో కొందరి చెవిన పడే ఉంటుంది. పడనివారు అదృష్టవంతులు; నా నోటనే వింటే కనీసం వాక్యాలైనా సవ్యంగా ఉంటాయి. నిన్నటి దాకా గుండె దడ తగ్గక ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కుదుటపడ్డాను కనుక, టీ తాగుతూ వినండి. ముందే ఒక మాట చెబుతున్నాను: కొల్లేరు క్షేమం, మా మనుమరాలు క్షేమం. పోయింది నా పరువొక్కటే!

మైథిలి మా అమ్మాయి కూతురు. ఉపగ్రహాలు పంపే చిత్రాలను చూసి, ఏ సరస్సులో నీరు ఎంత మేర పరచుకొన్నదో తేల్చే పరిశోధకురాలు. మా తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగిన పిల్ల కావడం చేత, లోకంలో ఇన్ని సరస్సులుండగా దాని కన్ను కొల్లేటి మీదనే పడింది. మూడేళ్లుగా పడవలెక్కి, బురదలో దిగి, కొలతలు కొలిచి నల్లబడిపోయింది.

"అమ్మమ్మా, వానాకాలంలోనే కదా కొల్లేరు నిండేది? సరిగ్గా అప్పుడే మబ్బులు కమ్ముతాయి. మామూలు కెమెరాకి తెల్లటి దూది తప్ప ఏమీ కనపడదు. రాడార్ ఉన్న శాటిలైట్ అయితే మబ్బుని దాటి చూస్తుంది. కానీ అది చూసింది నిజమో కాదో కింద ఎవరో ఒకరు కొలిచి సరిచూడాలి. అలా సరిచూసే చోట్లలో కొల్లేరు కూడా ఉండాలని నా ప్రపోజల్."

"ఉండనీ. ఎవరు కాదన్నారు?"

"నా ఇష్టమా? దానికొక ఎక్స్‌పర్ట్ కమిటీ ఉంది. ఐదుగురు. పోటీలో ఆరు సరస్సులున్నాయి, చోటు రెండింటికే."

"అయితే వారు ఆజ్ఞ వేస్తే అయిపోతుందన్నమాట."

"ఆజ్ఞలు వెయ్యరు అమ్మమ్మా, సలహా ఇస్తారు. ఏ ప్రశ్న ముందు, ఏది తరవాత, ఏ పరికరం ఎక్కడ వాడితే మేలు అని సైంటిస్టులందరి మాటా విని, వాదించుకొని, కాగితం మీద పెట్టి పైకి పంపుతారు. ఒప్పుకోవడం పైవాళ్ల ఇష్టం. కానీ వీళ్లు వద్దన్నదాన్ని పైవాళ్లు ముట్టుకోరు."

ఉదయం కొల్లేరు చూచి, మధ్యాహ్నం ఏలూరులో సభ జరుపుతారట. అది బహిరంగ సభ. ఎవరైనా వెళ్లి వెనుక కూర్చుని వినవచ్చునట. నన్నూ రమ్మన్నది. ఒక్కటే షరతు పెట్టింది: "నా ప్రపోజల్ గురించి వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడకు." నేను మాట ఇచ్చాను. ఇచ్చిన మాట తప్పే వంశం కాదు మాది.

ఈ సంగతి ఎదురింటి సుబ్బలక్ష్మితో అన్నాను. ఆమె భర్తది కిరాణా వ్యాపారం. మర్యాదల విషయంలో ఆమె మాట మా వీధికి శాసనం.

"ఏవండీ టీచరు గారూ, అంత దూరం నుంచి పెద్దలు వస్తుంటే ఉత్తచేతులతో పంపుతారాండీ?"

"మా పిల్ల మాట్లాడవద్దన్నది, సుబ్బలక్ష్మీ."

"మాట్లాడకండీ. పెట్టండీ! పెట్టడానికి మాటలెందుకండీ? మినుములు నేను పంపుతానండీ, మంచి రకం వచ్చాయి."

నాకు సబబుగానే తోచింది. పిల్ల నోరు విప్పవద్దన్నది గాని, నేతి డబ్బా మూత విప్పవద్దనలేదు కదా! రెండు రోజులు కూర్చుని సున్నుండలు చుట్టాను. ఐదు స్టీలు డబ్బాలు నింపాను. అంతటితో ఆగినా బాగుండేది. ఎవరికి ఏమి పంపినా, పంపినవారెవరో, ఎందుకు పంపారో చీటీ రాసి అంటించడం మా ఇంటి ఆచారం. కనుక ప్రతి డబ్బా మీదా ముత్యాల వంటి అక్షరాలతో ఇలా రాశాను: "చిరంజీవి మైథిలి కొల్లేటి పరిశోధనకు తమ ఆశీస్సులు ప్రసాదింప ప్రార్థన. ఇట్లు, అమ్మమ్మ." ఐదు చీటీలలో ఒక్క అక్షరదోషం లేదు. దోషమంతా బుద్ధిలోనే ఉంది.

ఆ ఉదయం కొల్లేటి గట్టున సభ్యులను చూచాను. అధ్యక్షురాలు విశాఖపట్నం ఆవిడ. రబ్బరు బూట్లు తొడుగుకొని, చేపలు పట్టేవారిని నిలబెట్టి నీటి లోతు గురించి నిలదీస్తున్నది. నేను పెదవులు బిగించి నమస్కారం మాత్రం చేశాను. వారూ మైథిలీ పడవ ఎక్కి కనుచూపు మేర దాటగానే, వారి వ్యాను డ్రైవరు దగ్గరకు వెళ్లి, సంచిలో దాచి తెచ్చిన డబ్బాలు అప్పగించాను.

"నాయనా, ఇవి పడవలో వెళ్లిన పెద్దలకు తలా ఒకటి."

"అలాగేనండి మామ్మగారు. హోటలువాళ్లు పంపారాండీ?"

మాట్లాడనని మాట ఇచ్చాను కదా! చిరునవ్వు నవ్వి ఊరుకొన్నాను. ఆ నవ్వే కొంప ముంచింది.

పడవ నీటి మీది గుర్రపుడెక్క మొక్కలలో చిక్కుకొని తిరిగి రావడం బాగా ఆలస్యమయింది. సభ్యులు ఆకలితో వ్యాను ఎక్కారు. మైథిలీ, నేనూ వెనుక వేరే కారులో వెళ్లాము. దారి పొడుగునా అది కాగితాలు తిప్పుకొంటున్నది. నేను నా చాకచక్యానికి నాలో నేనే మురిసిపోతున్నాను.

ఏలూరులో సభ మొదలయింది. అధ్యక్షురాలు మైకు అందుకొని, "చర్చకు ముందు ఎప్పటిలాగే అడుగుతున్నాను. ప్రపోజల్స్ పెట్టినవారితో బంధుత్వం గాని, స్నేహం గాని, వారి దగ్గర పుచ్చుకొన్నది గాని ఏదైనా ఉంటే సభ్యులు ఇప్పుడే చెప్పాలి," అన్నది.

నా కాళ్ల కింద నేల కొద్దిగా కదిలింది.

"లేదు," అన్నారొకరు. "నో," అన్నారు మరొకరు. మూడవవారు మూర్తిగారని, రాజమహేంద్రవరం ఆయన. లేచి నిలబడి, సంచిలోనుంచి స్టీలు డబ్బా తీశారు!

"నాదొకటి ఉందండీ మేడం. ఇది వ్యానులో ఇచ్చారు. మీద ఏదో చీటీ ఉంటే ఇప్పుడే అద్దాలు పెట్టుకొని చదివానండీ." చదివారు. పైకి, స్పష్టంగా, "ఇట్లు, అమ్మమ్మ" దాకా చదివారు! "నేను తినలేదండీ. నాకు షుగరు. మూత తీసి వాసన చూశాను, అంతే."

చెన్నై నుంచి వచ్చిన ఆయనకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. మీసానికంటిన సున్నుండ పొడి తుడుచుకొంటూ, "అయ్యయ్యో, అది హోటల్ స్వీట్ అనుకొన్నానండీ! నాలుగు తినేశాను," అన్నాడు. కలకత్తా ఆవిడ మాట లేకుండా మూడు వేళ్లు చూపింది. హైదరాబాదు ఆయన దారంతా నిద్రపోయాడట. ఆయన డబ్బా మూత కదలలేదు. అధ్యక్షురాలిదీ అంతే.

మైథిలి మెల్లగా నా వైపు తిరిగింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మమ్మా... ఆ రాత నీదే కదూ?"

ఇంతలో వేరే సరస్సు తరఫున వచ్చిన ఒకాయన వెనుకనుంచి, "రూలు ప్రకారం ఆ ప్రపోజల్ కొట్టెయ్యాలి కదండీ?" అన్నాడు. మూడేళ్ల దాని శ్రమ నా నేతిలో కొట్టుకొని పోతున్నది! నేను లేచి నిలబడ్డాను.

"అమ్మా, తప్పు నాది. ఆ పిల్లకు తెలియదు."

"నిజంగా తెలియదాండీ మామ్మగారూ?" అన్నది అధ్యక్షురాలు.

"తెలిస్తే నన్ను కారు ఎక్కనిచ్చేదా అమ్మా?"

సభ గొల్లుమన్నది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మరి ఆశీస్సులు కావాలని ఎందుకు రాశారు?"

"పెట్టి అడగడం మా వైపు తప్పు కాదమ్మా. పెట్టకుండా అడగడమే తప్పు."

"ఇక్కడ మాత్రం తప్పేనండీ," అన్నదావిడ నెమ్మదిగా. "మాకు అధికారం లేదు. మాట ఒక్కటే ఉంది. ఎవరి దగ్గరా ఏమీ తినని నోటితో చెబుతాం కాబట్టే ఆ మాటకు విలువ."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లు పరీక్ష గదులలో పిల్లల జేబులు వెదికి చీటీలు పట్టుకొన్న తెలుగు టీచరును నేను. ఇవాళ నిండు సభలో నా చీటీ పట్టుబడింది!

అధ్యక్షురాలు తీర్పు చెప్పింది. జరిగినదంతా మినిట్స్‌లో రాస్తారు. సున్నుండలు తిన్న ఇద్దరూ కొల్లేటి చర్చ అయ్యేదాకా బయట కూర్చోవాలి. సలహా చెల్లాలంటే కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. లెక్కపెట్టారు: ఆవిడ, మూర్తిగారు, నిద్రపోయిన ఆయన. సరిగ్గా ముగ్గురు! ఒకరి షుగరూ, ఒకరి నిద్రా మా కొల్లేటిని కాపాడాయి. ఆరోగ్యవంతులు ఐదుగురు వచ్చి ఉంటే ఏమయ్యేదో!

"మామ్మగారూ, మీరు కూడా బయటే కూర్చుంటే బాగుంటుందండీ," అన్నది ఆవిడ చివరకు.

వరండాలో బెంచీ మీద మేము ముగ్గురం దోషులం కూర్చున్నాము. కాసేపటికి చెన్నై ఆయన గొంతు సవరించుకొన్నాడు.

"అమ్మా, మేము ఇప్పుడు అనర్హులమే కదా?"

"నా మూలంగానే నాయనా. క్షమించండి."

"అయితే మిగిలినవి కూడా తినేస్తే కొత్తగా పోయేది ఏమీ లేదు కదా?"

అప్పటికే కలకత్తా ఆవిడ డబ్బా తెరిచింది.

వారు తింటున్నారు, నేను తలుపుకు చెవి ఒగ్గి ఉన్నాను. లోపల అధ్యక్షురాలి గొంతు కత్తిలా ఉన్నది: "శాటిలైట్ ఒకటి చెప్పి, మీ కొలత ఇంకొకటి చెబితే దేన్ని నమ్ముతారు?"

నేను చెవిని తలుపుకు మరింత ఆనించాను.

"దేన్నీ నమ్మనండీ. తేడా వచ్చిన చోటికి మళ్లీ పడవ మీద వెళ్తాను," అన్నది మైథిలి. "గుర్రపుడెక్క కింద ఉన్నది నీరో బురదో రాడార్‌కి తెలియకపోవచ్చు. తెడ్డు దింపితే తెలుస్తుందండీ."

మరొక గంట గడిచింది. ఆరు సరస్సులలో ఏదో రెండింటి పేర్లు లోపల చదివారు. అప్పటికి నా చెవులు పనిచేయడం మానివేశాయి. తలుపు తెరుచుకొని మైథిలి బయటకు వచ్చింది.

"సిఫార్సు చేశారు అమ్మమ్మా. మొదటి పేరు మనదే."

హమ్మయ్య! బెంచీ మీద కూలబడ్డాను. అది వచ్చి పక్కన కూర్చుని నా భుజం మీద తల ఆనించి, "ఇంకోసారి ఇలా చేశావంటే నేను సుబ్బలక్ష్మి గారి మనవరాలినని చెప్పుకొంటాను," అన్నది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను.

సలహా సలహాయే కదా. పైవారు ఒప్పుకొనేదాకా నాకు నిద్ర లేదు. కొల్లేటి సిఫార్సుకు ఆమోదం నిన్ననే వచ్చింది. సరిగ్గా నెల పట్టింది. అదే నివేదికలో అట్టడుగున మరొక సిఫార్సు ఉన్నదట: "క్షేత్ర పర్యటనకు వెళ్లు సభ్యులు ఇకపై తమ ఆహారము తామే వెంట తీసుకొని వెళ్లవలెను." దానికి సభ జరిగిన సాయంత్రమే ఆమోదం వచ్చిందట! ఇంత వేగంగా అమలైన సలహాను తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదని మైథిలి అంటున్నది. భూవిజ్ఞానానికి నేను చేసిన సేవ ఇదేనండి.