ఈదులదిబ్బ ఆటస్థలం తనిఖీ

పంచాయతీ సమితులు వచ్చిన కొత్త రోజులవి. పల్లెల్లో యువజన సంఘం పెట్టుకొని ఆటలాడేవాళ్లకు సర్కారు గ్రాంటు ఇస్తుందన్నారు. గ్రాంటు అంటే బంతులూ వలా స్తంభాలూ కొనుక్కోవడానికి కొంత సొమ్ము. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. గ్రాంటు వచ్చిన చోటు సమితి రికార్డుల్లో ఆటస్థలంగా ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ నేలను ఎవరూ కౌలుకు అడగడానికి వీల్లేదు. అడిగిన సంఘాలు ఎక్కువ, ఉన్న డబ్బు తక్కువ. అందుకని ప్రతి ఊరికీ ఆట తెలిసిన మనిషినొకణ్ణి పంపి చూసి రమ్మన్నారు. దగ్గరి బళ్ల మాస్టర్లయితే మొహమాటపడతారని దూరంవాళ్లను ఏరారు. అలా బుచ్చిరెడ్డిపాలెం హైస్కూల్లో డ్రిల్లు మాస్టరునైన నా వంతుకు ఎక్కడో సముద్రం ఒడ్డునున్న ఈదులదిబ్బ వచ్చింది. వేసవి సెలవులు. ఇంట్లో కూర్చొని ఈగలు తోలుకునే బదులు వెళ్లొస్తే బత్తెం వస్తుంది గదా అనుకున్నాను. ఆ బత్తెం తిన్నది ఇప్పటికీ అరగలేదు.

తెల్లవారి అయిదున్నరకు బుచ్చిలో బస్సెక్కాను. నెల్లూరికి నలభై అయిదు నయాపైసలు. పక్కన కూర్చున్న వడ్ల వ్యాపారి నా మెడలో విజిలు చూసి సంగతేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఆడుకునేదానికి గూడా సర్కారు దుడ్లిస్తాదా? కయ్యలో దిగి నాట్లేస్తే అంతకన్నా కసరత్తు ఏముండాదయ్యా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది గానీ పొద్దున్నే తగువెందుకని కిటికీ వైపు తిరిగాను. పెన్నలో నీళ్లు లేవు. ఇసుకలో చెలమలు తవ్వుకొని ఆడవాళ్లు బిందెలతో వరసగా కూర్చున్నారు. ఊరు చేరేదాకా ఆ వ్యాపారి తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

నెల్లూరు స్టేషనుకు జట్కా అర్ధరూపాయి. అంతకు తగ్గడు, బేరమాడి నోరు నొప్పి తెచ్చుకోవద్దు. ఏడుంబావుకు గూడూరు ప్యాసింజరు. ఆ రోజు నలభై నిమిషాలు ఆలస్యం. స్టేషను కాఫీ తాగినవాడికి ఆ నలభై నిమిషాలూ కాఫీని తిట్టుకోవడంతోనే సరిపోతాయి. వెంకటాచలంలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. అక్కణ్ణించి తూర్పుగా పోయే బస్సు తొమ్మిదింటికి. కండక్టరు ముప్పై ఏడు నయాపైసలన్నాడు. నా ముందున్న ముసలమ్మ "అణాల్లో చెప్పు నాయనా, నీ పైసలు నాకు తెలవ్వు" అంది. ఆరణాలని చెబితే ఆరు సార్లు లెక్కపెట్టి ఇచ్చింది.

బస్సు దిగాక రెండు మైళ్లు నడక. చెట్టు నీడ లేదు, సరుగుడు తోటలు దూరంగా ఉన్నాయి. గొడుగు లేకుండా వెళ్లకండి. నేను వెళ్లాను, తల మాడింది. తర్వాత బకింగ్‌హాం కాలువ. అవతలికి పడవలో ఒక అణా. మద్రాసుకు పుల్లలు తీసుకుపోయే పెద్ద పడవ ఒకటి మాకు అడ్డంగా వెళ్తోంది. దాన్ని తాడుతో గట్టు మీంచి లాగుతున్న మనుషులు మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

కాలువ దాటి అరమైలు నడిస్తే ఈదులదిబ్బ. అరవై గడప ఉంటుంది. అంతా క్రైస్తవులు, అందరూ చుట్టూ ఉన్న ఉప్పు మళ్లలో కూలికి పోయేవాళ్లే. చిన్న చర్చి, అందులోనే బడి. ఊరి ముందర, దారికి ఎడమ పక్కన, ఆటస్థలం. నేను చేరేసరికి పన్నెండు. యువజన సంఘం ప్రెసిడెంటు యోహాను, బడి అయ్యవారు దావీదు ఎదురొచ్చారు. యోహానుకు ముప్పై ఏళ్లుంటాయి. అరచేతులు ఉప్పుకు పగిలి బెరడు కట్టి ఉన్నాయి. అయ్యవారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో పెళ్లికి వచ్చినవాడిలా ఉన్నాడు. సమితి గ్రామసేవకుడు నాకన్నా ముందే సైకిలు పడవలో వేసుకొని వచ్చి చర్చి వరండాలో నిద్రపోతున్నాడు.

"మా ఇంట్లో బోంచేస్తారా సారూ? లేదంటే కాలువ గట్టున హోటలోళ్ల దగ్గిర తెప్పించేదా?" అని అయ్యవారు అడిగాడు.

నేను ఒక్క క్షణం ఆగాను. ఎందుకు ఆగానో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మీ ఇంట్లోనే తింటానన్నాను. ఆయన భార్య కొత్త ఇత్తడి కంచంలో చేపల పులుసూ అన్నమూ పెట్టింది. మొలగొలుకుల బియ్యం. అంత మంచి అన్నం మా ఇంట్లో పండగకు గానీ వండరు. వీళ్లకేం, బాగానే ఉన్నారే అనుకుంటూ రెండు మార్లు అడిగి పెట్టించుకున్నాను.

నా దగ్గరున్న కాగితంలో ముఖ్యమైన ప్రశ్నలు రెండు. సంఘానికి సొంత సామగ్రి ఉన్నదా? ఆటగాళ్లలో ఉత్సాహం ఎంత? సామగ్రి లేనివాళ్లకు ముందు ఇవ్వాలి, ఉత్సాహం ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలి. ఈ సంగతి ఊళ్లో చెప్పవద్దని నెల్లూరులో మాకు గట్టిగా చెప్పారు. నేనూ చెప్పలేదు. ప్రశ్నాపత్రం ముందే చెప్పే మాస్టరు ఎక్కడైనా ఉంటాడా?

ఎండ చల్లారాక మూడున్నరకు ఆట మొదలైంది. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు చూసి ఆశ్చర్యపోయాను. తెల్లటి వల, నున్నటి స్తంభాలు, తోలు వాసన పోని వాలీబాల్. మా హైస్కూల్లో బంతికి కూడా అంత మెరుపు లేదు. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది.

"ఇదంతా మీ సొంతమేనా?" అని యోహానును అడిగాను.

"అంతా ఉండాది సారూ. మాకేం తక్కవ లేదు" అన్నాడు యోహాను. అయ్యవారు నేలకేసి చూశాడు. నేను దాన్ని వినయం అనుకున్నాను.

ఆట మాత్రం చచ్చింది. అటు ఆరుగురూ ఇటు ఆరుగురూ ఆరడుగుల మనుషులు, బుజాలు చూస్తే కుస్తీకి పనికొస్తారు. కానీ ఒక్కడూ గట్టిగా కొట్టడు. బంతి వస్తే రెండు చేతులా పట్టుకొని అవతలికి అందించినట్టు నెడతారు. ముందు వరసలో వేదమణి అనే కుర్రాడున్నాడు. వాడు లేచిన ఎత్తు చూసి నేను కుర్చీలోంచి లేచాను. అలా ఎగిరేవాళ్లను నా సర్వీసులో ఇద్దరినో ముగ్గురినో చూశాను. అంత ఎత్తుకు లేచి, చెయ్యి విసరబోయి, ఆపుకొని, చంటిపిల్ల వీపు తట్టినట్టు బంతిని తట్టి దిగాడు.

"కొట్టవయ్యా! చేతికి గోరింటాకు పెట్టుకున్నావా?" అని అరిచాను.

వాడు యోహాను మొహం చూశాడు. యోహాను తల అడ్డంగా ఊపాడు. ఒకసారి బంతి తుమ్మకంప వైపు దొర్లితే ఆటగాళ్లందరూ, చూస్తున్నవాళ్లలో సగం మందీ కేకలు పెడుతూ దాని వెంట పరిగెత్తారు. ముల్లుకు ఇంత భయమా అని నేను నవ్వాను. మనిషి ఆడే తీరు చూసి మనిషిని చెప్పగలనని నాకు ఆ రోజుల్లో గొప్ప నమ్మకం.

నాలుగున్నరకు కాగితం పూర్తి చేశాను. సొంత సామగ్రి: ఉన్నది, మేలైనది. ఉత్సాహం: తక్కువ, ఆటగాళ్లు పిరికివాళ్లు. కాగితం ఇంగ్లీషులో ఉంది. కింద ప్రెసిడెంటు సంతకం కావాలంటే యోహాను చేతులు కడుక్కొని వచ్చి, నాలుక కొరుక్కుంటూ, తెలుగులో పేరు పెట్టాడు. సంతకం అయ్యాక ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. గ్రామసేవకుడు ఆ కాగితాలు సంచిలో వేసుకొని వెంటనే సైకిలుతో వెళ్లిపోయాడు. నేను మజ్జిగ తాగి, అందరి దండాలూ అందుకొని, అయిదున్నరకు కాలువ దగ్గరికి వచ్చాను.

పడవలో నాతోపాటు పెంచలయ్య అనే ముసలాయన ఎక్కాడు. చేతిలో గోనెసంచి. కూర్చోగానే సంచిలోంచి వాలీబాల్ తీసి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"సారూ, నా కండ్లు అంతంత మాత్రం. దీని మీద యాడన్నా గీత పడిందేమో జూడండి. పడుంటే మా అయ్య నన్ను బతకనీడు" అన్నాడు.

ఎవరిది బంతి అని అడిగాను. ఉప్పు కంట్రాక్టరుదట. పెంచలయ్య ఆయన దగ్గర జీతగాడు. వల, స్తంభాలు రేపు బండిలో వస్తాయట. బంతి మాత్రం పొద్దు గూకేలోపల తెచ్చెయ్యమన్నాడట.

"నిన్న యోహాను వచ్చి అడిగి తీసకపోయినాడు. బంతి పగిల్తే నలుగురు మనుషులు పది దినాలు కూలి లేకండా మా మళ్లల్లో చెయ్యాలని మాట. పాపం, పగలగొట్టకండా తెచ్చినారు."

 కంట్రాక్టరు అంత ఉదారుడా అని అడిగాను.

"ఆయనా! ఎంగిలి చేత్తో కాకిని తోలడు. దిబ్బ ముందరుండే ఆ నేల తనకు కౌలుకియ్యమని మూడేండ్లుగా తిరగతా ఉండాడు గదా. అట్టాంటిది యోహాను అడగంగానే ఇచ్చినాడు, నాకే ఇచ్చిత్రమనిపించింది. సమితిలో మెంబరు గదా సారూ, పెద్దోళ్ల యవ్వారాలు మనకేం దెలుస్తాయి?"

నాకు తెలిసింది. ఏ కాగితంలో ఏ ప్రశ్న ఉంటుందో సమితి మెంబరుకు తెలియకపోదు. బంతి మీద గీత లేదని పెంచలయ్యకు చెప్పాను. ఆయన దాన్ని ఉత్తరీయంతో తుడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. గ్రామసేవకుడు పోయి గంట అయింది.

ఆ రాత్రి వెంకటాచలం సత్రంలో పడుకున్నాను. పావలా. చాప వాళ్లే ఇస్తారు, నల్లులు కూడా.

మర్నాడు ఏడున్నర బండికి స్టేషనులో నిలబడి ఉంటే దావీదు అయ్యవారు కనిపించాడు. మొదటి బస్సుకు వచ్చాడట. నెల్లూరు మిషను ఆఫీసులో జీతం తెచ్చుకోవడానికి వెళ్తున్నాడు. మూడో తరగతి పెట్టెలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన మొహం వెలిగిపోతోంది. ఊళ్లో తెల్లారేదాకా ఎవరూ సరిగ్గా పడుకోలేదట.

ఇక దాచలేకపోయాను. బంతి అరువుదని ఎందుకు చెప్పలేదని అడిగేశాను. ఆయన ఉలిక్కిపడి, తర్వాత చిన్నగా నవ్వాడు.

"పెద్దమనిషి ఇంటికొస్తే ఉండేది చూపిస్తామా సారూ? పెండ్లిచూపులకి చాపలూ చెంబులూ ఇరుగుపొరుగు దగ్గర తెచ్చుకోమా? మీరు తిన్న కంచం గూడా మాది కాదు. బియ్యమూ మాది కాదు."

"మీరు రోజూ దేంతో ఆడతారు?"

"అతుకులేసిన బ్లాడరుండాది, పైన గోనెగుడ్డ కుట్టినాం. చేపల వల చించి కట్టుకుంటాం. అది మీ కండ్లబడితే నవ్విపోతారని దాచిపెట్టినాం. దాంతో వేదమణి కొడితే సారూ, అవతల నిలబడినోడికి చెయ్యి వాస్తాది. నిన్నే, బంతి పగులుతాదని భయపడి సచ్చినారు."

ఆ మాటతో నేను ఆయనకు అంతా చెప్పాను. కాగితంలో ఏం అడిగారో, నేనేం రాశానో, యోహాను దేని కింద సంతకం పెట్టాడో. కంట్రాక్టరు ఎందుకిచ్చాడని నేననుకుంటున్నానో అదీ చెప్పాను. బండి కూత పెట్టి కదిలింది. ఆయన కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు. పక్కనున్న ఆకుకూరలామె మా ఇద్దరి మొహాలూ చూసి, అడగబోయి మానుకుంది.

"నేను మళ్లీ ఒక రిపోర్టు రాస్తాను. అవి అరువువని, మీకేమీ లేవని రాస్తాను" అన్నాను.

"అట్ట రాస్తే ఏమవతాది సారూ?"

నిజమే చెప్పాను. లేనిది ఉన్నట్టు చూపించారంటారు. మోసం కింద జాబితాలోంచి సంఘం పేరు కొట్టేసినా కొట్టేస్తారు. సరిగా విచారించకుండా రాసినందుకు నాకు మెమో వస్తుంది. అయితే అదృష్టం బాగుండి, పైవాడు మంచివాడైతే, ఆ నేల దక్కే అవకాశం కూడా లేకపోలేదు.

వేదాయపాలెం స్టేషను వచ్చింది, పోయింది. అయ్యవారు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"రాయబాకండి సారూ. యోహాను సంతకం ఉండాదంటిరే. మా పిల్లకాయలు మోసగాళ్లని సర్కారు కాయితంలో ఎక్కితే రేపు యాడా ఒక బంట్రోతు ఉద్యోగం గూడా రాదు. నేల పోతే పోయింది. దొంగలనే పేరొద్దు."

సరేనన్నాను. ఆయన వద్దన్నందుకు నా ప్రాణం తేలికపడింది. మెమో తప్పింది గదా అని మనసులో ఒక మూల సంతోషించాను. ఇన్నేళ్లయినా ఆ సంతోషం గుర్తొస్తే తల ఎత్తుకోలేను. గట్టిగా బంతి కొట్టలేదని ఆ కుర్రాళ్లను పిరికివాళ్లని రాసిన చేత్తోనే నేను నోరు మూసుకొని కూర్చున్నాను.

ఎనిమిదింబావుకు నెల్లూరు. అయ్యవారు దిగి "వందనాలు సారూ" అని రెండు చేతులూ జోడించాడు. ఊళ్లో ఏం చెబుతారని అడిగితే, డబ్బు చాలలేదని చెబుతానన్నాడు. "మీ మీద మాట రానియ్యను" అని కూడా అన్నాడు. జనంలో ఆయన ఇస్త్రీ చొక్కా కాసేపు కనిపించి పోయింది. నేను తొమ్మిదిన్నర బస్సుకు బుచ్చి చేరాను. ఇంట్లో అడిగినవాళ్లకు చేపల పులుసు బాగుందని చెప్పాను.

అటువైపు వెళ్లదలిచినవాళ్లకు దారి కష్టమేమీ కాదు. ఉదయం ప్యాసింజరు అందుకుంటే మధ్యాహ్నానికి చేరవచ్చు, మాఘం నుంచి వైశాఖం దాకా ఉప్పు తీసే కాలం, చూడముచ్చటగా ఉంటుందంటారు. కాలువ దాటి అరమైలు నడిచాక ఎడమ చేతివైపు కంట్రాక్టరు ఉప్పు మళ్లు మొదలవుతాయి. వాటిలో మొదటి నాలుగూ ఆ పిల్లలు ఆడుకున్న చోటు.