మచ్చల రోకలిబండ విచ్చుకునేదాకా

నా చిన్నప్పుడు మా ఊరు లక్కడ్‌కోట్‌లో నా కాళ్లకు ఇంత లావు వెండి కడియాలు ఉండేవి. కంసాలి తొడిగాక మళ్లీ కంసాలే తీయాలి. పొలానికైనా, అడవికైనా వాటితోనే.

ఒక వానాకాలం పొద్దున పక్కింటి గాజుల అత్త కూరకు లేత వెదురు కొమ్ములు తెద్దామని నన్ను వెంటబెట్టుకుపోయింది. వాగు దాటుతుంటే నా కుడికాలు రెండు బండల సందులో దిగిపోయింది. కడియం అడ్డం తిరిగి బిగుసుకుంది. అత్త ఎంత నెట్టినా బండ కదల్లేదు. ఎగువన ఎక్కడో వాన దంచినట్టుంది, పిక్కల దగ్గరున్న నీళ్లు ఎర్రబారి మోకాళ్లకు వచ్చాయి. ఇక చచ్చిపోతానన్న నమ్మకం కుదిరింది నాకు. గొంతు చించుకుని ఏడుస్తూ కాలు గుంజాను. గుంజినకొద్దీ మడమ వాచి కడియం ఇంకా కరుచుకుంది.

అత్త నన్నక్కడే వదిలి ఒడ్డెక్కింది. పారిపోతోందనుకున్నాను. అబ్బ, ఎంత కోపం వచ్చిందో! ఆమె వెదురు పొద కింద కుళ్లిన ఆకులు కెలికి, ఏదో తెచ్చి నా అరచేతిలో పెట్టింది. రేగుపండంత ఉండ, నల్లటి పెంకు మీద పసుపు మచ్చలు. తాకితే ఉండ చుట్టుకునే రోకలిబండ పురుగు.

"గుంజకు బిడ్డా. గిది భయపడి ముడుసుకున్నది. నువ్వు కదిల్తే ఇప్పుకోదు. ఇప్పుకోంగనే నాకు చెప్పు."

"ఇప్పుకుంటే బండ నన్ను ఇడుస్తదా అత్తా?"

"ఆఁ, ఇడుస్తది."

ఏడుపు మింగి, ఊపిరి బిగబట్టి దాన్నే చూశాను. నీళ్లు తొడల దాకా వచ్చినా చూపు తిప్పలేదు. చాలాసేపటికి పెంకు సందు విడి రెండు మీసాలు బయటికొచ్చాయి. ఆ వెనకే బోలెడు కాళ్లు అరచేతిలో చక్కిలిగింత పెట్టాయి. "ఇప్పుకున్నదత్తా!" అని పకపకా నవ్వాను. అప్పటికే నా కాలు ఆమె చేతుల్లో ఉంది.

గాజులు తొడిగేటప్పుడూ ఆమె అంతే. చేయి బిగబట్టిన ఆడవాళ్లను పుట్టింటి ముచ్చట్లు అడిగేది. వాళ్లు చెబుతుండగానే గాజు ఎక్కేసేది. నీళ్లలో నా మడమను అలాగే పిసికి, వంచి లాగిందన్నమాట. తడి లేకుంటే బతకదని పురుగును మళ్లీ ఆ ఆకుల కిందే పెట్టి వచ్చింది.

మొన్న చంద్రపూర్‌లో ఈ ముసలి నడుం నొప్పికని నన్ను స్కానింగ్ గొట్టంలోకి తోశారు. ముక్కుకు తగిలేంత దగ్గరగా పైకప్పు, చెవుల్లో ఢమఢమ. కదలొద్దన్నారు. లేచి ఉరకాలనిపించింది. అప్పుడు కళ్లు మూసుకుని, కుడి అరచేయి వెల్లకిలా పెట్టుకుని ఎదురుచూశాను.

బయటికి తీశాక, "ఎందుకు నవ్వుతున్నవు ఆజీ?" అని నర్సమ్మ అడిగింది.

ఇప్పుకున్నదని చెప్పాను.