ఆషాఢంలో అరుగు మీద కంప్యూటర్

బందరులో కుర్చీలోంచి లేవకుండా, దివిసీమలో ఉన్న మా అత్తగారి గొంతుని మాయం చేసిన ఘనుణ్ణి నేను. కంగారు పడకండి, ఆవిడ నిక్షేపంలా ఉన్నారు. నిక్షేపంలా లేనిది ఆ రెండు రోజులూ నేనే. ఎలా జరిగిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

పెళ్ళయిన కొత్త. ఆషాఢం వచ్చింది. మా వైపు ఆ నెలంతా కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉండాలి, అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. అందుకని నా భార్య శ్రావణి అవనిగడ్డ దగ్గర వాళ్ళ ఊళ్ళో, నేను బందరులో. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, సాయంత్రాలు బజ్జీల బండి దగ్గర విరహం అనుభవిస్తూ ఉండేవాణ్ణి. కొత్తల్లుడి హోదా ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని నేనంటే ఆ ఇంట్లో ఉప్పు కొనే కొట్టు మార్చేస్తారు. నా మాటకి ఎదురు చెప్పగలిగింది ఒక్క శ్రావణే. ఆ రోజు తను గుడివాడలో పెద్దమ్మగారింటికి వెళ్ళింది. అక్కడే కొంప మునిగింది.

సాయంత్రం మావగారు ఫోన్ చేశారు. ఆయన రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నాతో మాట్లాడేటప్పుడు ఫోన్లో కూడా లేచి నిలబడతారని శ్రావణి చెప్పింది.

"బాబూ, తీరిగ్గా ఉన్నారాండీ? మీ పెళ్ళి ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కిద్దామంటే చోటు లేదంటోంది. సి అనేది ఎర్రగా అయిపోయిందండీ."

"దానికేముంది మావయ్యగారూ, రెండు నిమిషాల పని."

"రేపు అమ్మాయి వచ్చేస్తుంది. వచ్చాక చూసుకోమంటారా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. కంప్యూటర్ లెక్చరర్ అల్లుడై ఉండగా, కంప్యూటర్ కోసం ఇంకొకరి దారి చూడటమా?

"తనెందుకండీ, నేను లేనూ? నేను చెప్పినట్టు నొక్కుతూ రండి" అని, డిస్కులో ఏ భాగం ఎంత ఉందో చూపించే తెర దగ్గరికి ఆయన్ని నడిపించాను. "ఇప్పుడేం కనిపిస్తోంది?"

"పొడుగాటి గళ్ళున్నాయండీ. ఒకదాని మీద సి అని రాసుంది. దాని పక్కన ఇంకో పెద్ద గడి. దానికి పేరు లేదు."

"ఒక్క అక్షరం కూడా లేదా?"

"లేదండీ."

"అయితే అది పోరంబోకు మావయ్యగారూ. కలిపేసుకుందాం."

"బాబూ, మరోలా అనుకోకండి. పోరంబోకు కలిపేసుకున్నవాళ్ళకి నోటీసులు రాసి రాసి రిటైరయ్యానండీ నేను. పేరు కనపడలేదని ఖాళీ అనేసుకోవచ్చా?"

"అది భూమి, ఇది కంప్యూటర్ కదండీ."

"అదీ నిజమేలెండి. ఇంకో మాట. ఇది ఆన్ చెయ్యగానే రెండు పేర్లు చూపించి ఏది కావాలని అడుగుతుంది. నేనెప్పుడూ కింద పేరు నొక్కుతాను. దానికీ దీనికీ ఏమన్నా..."

"అది మామూలేనండీ."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రెండు పేర్లు అడుగుతోందంటే ఒకే డిస్కులో రెండు సిస్టమ్‌లు కాపురం ఉంటున్నాయని అర్థం. కింద పేరు విండోస్, పైది లినక్స్. లినక్స్ ఉండే గడిని చదవడం విండోస్‌కి రాదు కాబట్టి పేరూ ఊరూ లేనట్టు చూపిస్తుంది. ఇది నేను సెకండియర్ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పే పాఠం. పరీక్షలో తప్పు రాసినవాడికి సున్నా వేసి, "బుర్ర ఎక్కడ పెట్టావురా?" అని అడుగుతాను కూడా.

"డిలీట్ నొక్కండి మావయ్యగారూ."

"ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అంటోందండీ."

"అది అందర్నీ అలాగే బెదిరిస్తుంది. సరే అనండి."

కొత్తల్లుడు చెప్పాక ఆయన కాదంటారా? సరే అన్నారు. "ఇప్పుడు ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి, తర్వాత ఆ ఖాళీని సి లో కలుపుదాం" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన వాటిలో పనికొచ్చిన మాట ఇదొక్కటే. అది కూడా తెలిసి అన్నది కాదు.

"బాబూ, తెరంతా నల్లగా అయిపోయిందండీ. అలాంటి పార్టిషన్ లేదని ఇంగ్లీషులో రాసింది. కింద గ్రబ్ రెస్క్యూ అని ఉంది. రెస్క్యూ అంటే మాకు వరదలప్పుడు పడవలేసుకుని వస్తారు, అదేనాండీ?"

నా చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఆన్ చెయ్యగానే రెండు పేర్లు అడిగే గ్రబ్ కూడా ఆ పోరంబోకులోనే ఉంటుంది, దాన్నీ తీసేయించాను. "మీరు ఇంక దాన్ని ముట్టుకోకండి" అని ఫోన్ పెట్టేశాను. కాసేపటికి గుడివాడ నుంచి శ్రావణి ఫోన్.

"ఏవండీ, మీరు తీసేయించిన దాంట్లో ఏముందో తెలుసా?"

"లినక్స్ ఉన్నట్టుంది."

"లినక్స్‌లో ఏముంది?"

"నీ కాలేజీ ప్రాజెక్టులా?"

"అమ్మ పాటలు" అంది.

మా అత్తగారు ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా హారతి పాట పాడేవారట. మా పెళ్ళికి ముందు సంవత్సరం ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గొంతు మారితే మారొచ్చని డాక్టరు ముందే చెప్పారు. అప్పుడు శ్రావణి వారం రోజులు తల్లిని దేవుడి గదిలో కూర్చోబెట్టి, వచ్చిన పాటలన్నీ పాడించి, తన చదువు కోసం పెట్టుకున్న లినక్స్‌లో రికార్డు చేసింది. డాక్టరు చెప్పినట్టే అయింది. గొంతు బొంగురుపోయి, ఆవిడ పాడటం మానేశారు. మా పెళ్ళిలో హారతికి పందిట్లో ఆ కంప్యూటర్‌కే స్పీకర్లు తగిలించి పాట పెట్టారు. మేళం మోతలో అది సరిగా వినపడలేదు. ఆవిడ పళ్ళెం పట్టుకుని, పెదవులు బిగించి, తల ఎత్తకుండా నిలబడ్డారు. పీటల మీద కూర్చుని ఇదంతా చూసినవాణ్ణి నేనే. పుట్టింట్లో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం శ్రావణి ఆ పాట పెడితే మావగారు దీపం వెలిగిస్తారు. పాట మొదలవగానే అత్తగారు పెరట్లోకి వెళ్ళిపోతారు. రేపే శుక్రవారం. ఇంకో చోట కాపీ చేసిపెట్టుకోవాలని శ్రావణి అనుకుంటూనే ఉందట. అందరం అనుకుంటూనే ఉంటాం.

నాకు మిగిలిన ఆశ ఒక్కటే. గట్టు తవ్వేస్తే చేను ఎక్కడికీ పోదు, హద్దు మాత్రం పోతుంది. ఆ నేలని మళ్ళీ ఎవరూ దున్నకపోతే పాత గట్టు జాడ వెతికి పోసుకోవచ్చు. సి లో కలిపేసి ఉంటే దున్నేసినట్టే.

మర్నాడు సెలవు పెట్టి, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, వానలో బండి మీద చల్లపల్లి, మోపిదేవి దాటి వెళ్ళాను. శ్రావణి అప్పటికే వచ్చేసింది. మావగారు గొడుగుతో వీధి చివరే ఎదురొచ్చి చిన్నగా చెప్పారు. "బాబూ, మీ అత్తయ్యగారికి ఏమీ చెప్పలేదండీ. కంప్యూటర్‌కి జలుబు చేసిందన్నాను."

అసలు చిక్కు గుమ్మం దగ్గర వచ్చింది. నేను గడప దాటకూడదు, కంప్యూటర్ లోపలి గదిలో ఉంది. దాంతో దాన్నే అరుగు మీదికి తెచ్చారు. మానిటర్‌కి స్టూలు, నాకు పీట, కిటికీలోంచి కరెంటు వైరు. అత్తగారు లోపల కిటికీ పక్కన నిలబడి కాఫీ అందించబోతే గ్లాసు ఊచల మధ్య పట్టలేదు. చిన్న గ్లాసులో పోసి రెండు విడతలుగా ఇచ్చారు.

ఎదురింటావిడ చూసేసింది. "అదేంటండీ, ఆషాఢంలో అల్లుడుగారొచ్చారు?"

"అల్లుడుగారు రాలేదమ్మా, కంప్యూటర్ మెకానిక్ వచ్చారు" అన్నారు మావగారు. రిటైరయ్యాక ఆయన ఆడిన రెండో అబద్ధం అదేననుకుంటాను, మొదటిది ఆ జలుబు.

పోయిన హద్దుల్ని వెతికే ప్రోగ్రాం నడిపించాను. అది చీమ నడకలా సాగింది. సగం అయ్యేసరికి కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి. కిటికీలోంచి బొంగురు గొంతు అడిగింది. "ఏం పోయింది బాబూ? అందరూ అలా ఉన్నారేంటి?"

"ఏం లేదు" అన్నాం ముగ్గురం ఒకేసారి. ఒకేసారి అన్నామంటేనే ఏదో ఉందని ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది.

చివరికి తెర మీద పాత హద్దులు తేలాయి. ఒకటి కాదు, మూడు. తప్పుది రాస్తే ఉన్నది కూడా పోతుంది. నాకు నిజంగా భయమేసింది.

"ఆగండి. రాయకముందు లోపలేముందో చూపిస్తుంది కదా, చూడండి" అంది శ్రావణి.

మొదటి దాంట్లో ఏమీ లేదు. రెండో దాంట్లో తన కాలేజీ ప్రాజెక్టులు, వాటి కింద 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫోల్డరు. శ్రావణి నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ హద్దునే రాసి, పెన్‌డ్రైవ్ తీసి, మళ్ళీ ఆన్ చేశాను. తెర మీద రెండు పేర్లూ వచ్చి ఏది కావాలని అడిగాయి. మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాన జల్లు పడిందన్నారు.

సరిగ్గా ఉందో లేదో చూడాలి కదా, శ్రావణి హారతి పాట పెట్టింది. అరుగు మీద ఆ గొంతు లేచింది. పెళ్ళిలో మేళం మోతలో నేను వినలేకపోయిన పాట అప్పుడు పూర్తిగా విన్నాను. నిండైన గొంతు, తొణక్కుండా సాగింది. దీన్నా నేను పోరంబోకన్నాను అని సిగ్గేసింది.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు అలవాటుగా పెరటి వైపు వెళ్ళబోయారు. కుండపోత వాన, వెళ్ళడానికి లేదు. వెనక్కి వచ్చి, గడపకి లోపలి వైపు కూర్చున్నారు. పాట అయ్యేదాకా కదల్లేదు. మేమెవరమూ ఆవిడ మొహం వైపు చూసే ధైర్యం చేయలేదు.

పాట ఆగింది. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "రెండో చరణం మళ్ళీ పెట్టు" అన్నారు. పెట్టింది.

"విన్నారా? ఎత్తుగడలోనే శ్రుతి జారింది. ఇన్నాళ్ళూ గొంతు పోయిందని కుమిలిపోతున్నానే, ఉన్నప్పుడు పాడింది ఇంత లక్షణంగానా? ఒక్కళ్ళన్నా చెప్పలేదేమే?"

"బాగానే ఉందిగా" అన్నారు మావగారు భయంభయంగా.

"మీకేం తెలుసండీ" అని ఆవిడ నవ్వేశారు. ఆపరేషన్ తర్వాత అమ్మ అలా నవ్వడం అదే మొదటిసారని శ్రావణి తర్వాత చెప్పింది. ఆ నవ్వుతోనే, ఆ బొంగురు గొంతుతోనే, ఆ చరణం ఎత్తుకుని శ్రుతిలో పాడి చూపించారు. గొంతు రెండు చోట్ల జీరబోయింది. ఆవిడ ఆగలేదు. శ్రావణి ఏడుస్తూనే మైకు తగిలించింది.

పాడటం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగి తీరిగ్గా అన్నారు. "బాబూ, ఇది ఉంచండి. ఆ పాతది తీసెయ్యండి."

నేను పీట మీంచి లేచి నిలబడ్డాను. "అత్తయ్యగారూ, నా ప్రాణం అడగండి, ఇస్తాను. ఆ మాట మాత్రం అనకండి. ఈ అరుగు మీద, ఈ వాన సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట నా చేత్తో గానీ, నోటితో గానీ, ఫోన్లో గానీ దేన్నీ తీసెయ్యను, ఎవరి చేతా తీసేయించను."

ఆ ప్రతిజ్ఞ నేటికీ తప్పలేదు. శ్రుతి జారిన ఆ చరణం ఇప్పుడు మా ఇంట్లో, మావగారింట్లో, అందరి ఫోన్లలో భద్రంగా ఉంది. కొత్తల్లుడి మాట అందరూ వింటారు గానీ, నేను మాత్రం తన మాట విని ఆ పాతది తీసెయ్యట్లేదని అత్తగారు ఇప్పటికీ అలుగుతూనే ఉంటారు.