అవ్వకు చదివి వినిపించిన మొదటి పేజీ

ఈ పొద్దున గుమ్మంలో పడిన పేపరు తీస్తే, మొదటి పేజీ నిండా అక్షయ తృతీయ నగల ప్రకటన. ఆ సిరా వాసనకు చంద్రగిరిలో మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వకు చదువు రాదు. రోజూ నేనే పేపరు చదివి వినిపించేదాన్ని. ఏడేళ్ల నాకు వార్తకూ ప్రకటనకూ తేడా తెలియదు. ఒకరోజు మొదటి పేజీ గట్టిగా చదివాను. "నేడు అక్షయ తృతీయ. బంగారం కొన్న ఇంటనే లక్ష్మి నిలుస్తుంది."

చింతపండు ఒలుస్తున్న అవ్వ చెయ్యి ఆగింది. "మా కాలంలో ఈ పండగ యాడుండె? సరిగ్గా సూసి సదువు."

"మొదటి పేజీలోనే ఏసినారవ్వా."

"అట్లయితే నిజమే."

ఇక ఆమె కుదురుగా కూర్చోలేదు. మధ్యాహ్నమే నాయనను వెంటబెట్టుకుని తిరుపతి పోయింది. కొనే స్తోమత లేక, తనకు వాళ్లమ్మ ఇచ్చిన బరువైన కమ్మలు అంగట్లో ఇచ్చేసి, తరుగూ మజూరీ పోగా వచ్చిన సన్నటి కొత్త కమ్మలు తెచ్చుకుంది. లక్ష్మి నిలవాల్సిన రోజునే మా ఇంట్లో బంగారం తగ్గింది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా చెవులు తడుముకునేది. "తేలిగ్గా ఉండాయి పాపా" అనేదే తప్ప నన్నొక మాట అనలేదు.

ఇప్పుడు నాకన్నీ తెలుసు. పేపరు మడిచి పక్కన పెట్టాను. వంటింట్లోకి పోయి వచ్చి మళ్లీ తీసి ఆ నగల ప్రకటనే చూశాను. చివరికి మా ఆయనను అడిగాను, సాయంత్రం ఖాళీగా ఉంటారా అని.