ఈశాన్యంలో చెత్తబుట్ట

ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేనే వదిలేశానని ఇంట్లో అంటారు గానీ, ఆ తర్వాత బడి తరఫున ఎవరూ నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఇబ్రహీంపట్నంలో భూమికి పొద్దున ఒక ధర, సాయంత్రం ఇంకో ధర పలుకుతున్న రోజుల్లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాను. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి బాగుచేసిన మౌసులిచ్చి వచ్చేవాణ్ణి. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు.

ఊళ్లో కంప్యూటర్లకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసేవాళ్లం ముగ్గురం. ముగ్గురివీ మూడు రకాలు, మూడు పేర్లు. ఒకరి దగ్గర నేర్చుకున్న పిల్లవాడికి ఇంకొకరి దుకాణంలో ఫైలు ఎక్కడుందో తెలిసేది కాదు. ఒక కాలేజీ ల్యాబు మేడమ్ ఫోన్ చేసింది.

"ముగ్గురూ కలిసి ఒకే పేరు, ఒకే పద్ధతి రాసుకుని శనివారం తీసుకురండి. ల్యాబు పనంతా మీకే. లేదంటే సిటీవాళ్లను పిలుస్తాను."

ల్యాబు సంగతి సరే, నాకు ఆ గేటు దాటాలని ఉంది.

చాయ్ హోటల్లో కూర్చున్నాం. మిగతా ఇద్దరిలో ఒకాయన గుంటూరు నుంచి వచ్చి మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. రెండో ఆయనది తుక్కుగూడ. ఇద్దరికీ డిగ్రీలున్నాయి కాబట్టి ముందు పేరు తేల్చాలన్నారు.

"కృష్ణా అని పెడదామండీ," అన్నాడు గుంటూరాయన.

"ఎందుకన్నా, నీళ్లూ మీయే, కంప్యూటరూ మీదేనా? మూసీ అని పెట్టు," అన్నాడు తుక్కుగూడ అన్న.

"మూసీ అంటే వాసనొస్తుందయ్యా!"

"కంప్యూటర్ల నుంచి వాసనెట్లొస్తదన్నా?" అని నేనడిగితే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. వాళ్లు ఏకమైంది అప్పుడే.

నాలుగు రోజులైనా పేరు తేలలేదు. ఫైళ్ల దాకా మాటే రాలేదు. శుక్రవారం నా దుకాణంలో కూడినప్పుడు, తెర మీద పైన కుడి మూలలో చెత్తబుట్ట బొమ్మ చూసి గుంటూరాయన ఉలిక్కిపడ్డాడు.

"ఈశాన్యంలో చెత్తేంటండీ!"

ప్లాట్ల మ్యాపులు చూసి చూసి మా ఊళ్లో అందరికీ పైన ఉంటే ఉత్తరమే.

"అవ్, గట్ల ఉండొద్దు," అన్నాడు తుక్కుగూడ అన్న.

పెన్ను నా చేతిలో ఉంది. 'చెత్తబుట్ట కింద ఎడమ మూలలో ఉండాలి. వేరే చోట పెట్టరాదు' అని రాశాను.

ఈ ఒక్క ముక్కతో కాలేజీకి వెళ్లడానికి ఆ ఇద్దరికీ మొహం చెల్లలేదు.

"నువ్వే పో తమ్మీ," అన్నాడు తుక్కుగూడ అన్న. "మేడమ్ తిట్టినా నీకు అలవాటే గద."

శనివారం కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి చాపాడు. "మౌసులేనా? గిటియ్యి."

"లేదు కాకా, ఇయ్యాల నన్నే పిలిచిన్రు."

మేడమ్ కాగితం చదివింది. "పేరేది?"

"తొట్టెల ఇంక కాలే మేడమ్, పేరు పెట్టలే."

మేడమ్ నవ్వలేదు. "ఇది రాసిందెవరు?"

"నేనే."

"వాస్తు నాకొద్దు. కానీ ఇది చదివినవాడెవడైనా బుట్టను అక్కడే పెడతాడు. ఫైలు ఎక్కడ దాచాలి, మూసేటప్పుడు ఏం నొక్కాలి, అన్నీ ఇలాగే రాయి. పేరు ఆ ఇద్దరినీ తేల్చుకోమను."

తెల్ల కాగితాలిచ్చి పిల్లల బెంచీ చూపించింది. దుకాణానికొచ్చేవాళ్లకు చెప్పే మాటల్నే వరసగా రాస్తూ పోయాను. పదకొండో వాక్యం మధ్యలో బెల్లు కొట్టారు. దిగ్గున లేచి సంచి కోసం చూశాను.

"ఎక్కడికి?" అంది మేడమ్. "కూర్చో. ఇంకా అయిపోలేదు."