మూతలున్న బ్యాటరీ

మా అపార్ట్‌మెంట్ల ఆఫీసులో చలి కాచుకునే పొయ్యి లాంటిది ఒకటి ఉంది. తెర మీద కట్టెలు మండుతుంటాయి, చిటపటమని చప్పుడు కూడా వస్తుంది. జనవరిలోనూ మండుతాయి, జూలైలోనూ మండుతాయి. వేడి మాత్రం ఏనాడూ రాలేదు. అద్దె పెంచిన సంగతి నన్ను దాని ముందు కూర్చోబెట్టే చెబుతారు.

ఈ మాట మా తోడల్లుడితో అంటే ఆయన నవ్వలేదు. అప్పటికి తన గరాజులో ఒక నల్లటి డబ్బా ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. చర్చిలో కూడా ఆయన అంతసేపు మోకరించగా నేను చూడలేదు.

ఈ పరాయి దేశపు ఊరు ఫ్రీమాంట్‌లో ఆయనకు ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఆయనకన్నా వయసులో పెద్దదైన ఒక కారు ఉన్నాయి. ఏటా పాత కార్ల ప్రదర్శనకు దాన్ని తీసుకెళ్తాడు. కార్లు నడపడం మానేసి తుడవడం మొదలుపెట్టినవాళ్లు అక్కడ మడత కుర్చీల్లో కూర్చుని ఒకరి వేలిముద్రల్ని ఒకరు అనుమానిస్తుంటారు. ఆ కాలంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకి నీలం రిబ్బను ఇస్తారు. పోయినేడు జడ్జి బానెట్ ఎత్తి, ఎర్ర స్టిక్కరుతో మెరిసిపోతున్న కొత్తకాలపు బ్యాటరీని చూసి పెదవి విరిచాడు. ఆ విరుపును మావాడు ఏడాదిగా మోస్తున్నాడు. పైగా ఈసారి కాకినాడ నుంచి మామగారు వచ్చి ఉన్నారు. పెద్దల్లుడైన మావాడి గురించి ఆయన ఇంతవరకూ అన్న మంచిమాట ఒక్కటే: "భోజనం చక్కగా చేస్తారు." రిబ్బను ఆయన కళ్లముందే అందుకోవాలి.

అందుకే ఈ డబ్బా. పైకి పాతకాలపు బ్యాటరీ, లోపల ఖాళీ. నీళ్లూ యాసిడూ పోయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీని అందులో దాచి, దాని తీగల్ని పైనున్న లావుపాటి సీసపు బొడిపెలకు కలపాలి. నా వంతు టార్చి పట్టుకోవడం. ఇరుకైతే గోడలు గీకాడు. గీకింది ఎక్కువైతే స్పాంజి ముక్కలు కుక్కాడు. ఈ దేశాన్ని నడిపిస్తోందని ఆయన చెప్పుకునే తన ఆఫీసు సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే రాస్తాడేమో, నేను అడగలేదు.

"చూశావా బ్రదర్, మూతలు తిరుగుతాయి కూడా!" ఒక్కొక్కటే విప్పి చూపించాడు.

"తిప్పితే ఏమొస్తుంది?"

"ఏమీ రాదు. అదే డీటెయిలింగ్ అంటే."

"అబద్ధానికి మరలు కూడా బిగించారన్నమాట."

"నీకు జెలసీ బ్రదర్."

కావచ్చు. నా కారులో బ్యాటరీ ఎక్కడుంటుందో నాకు ఈనాటికీ తెలియదు.

ప్రదర్శన రోజు జడ్జి బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. ఇలాంటి బ్యాటరీ తన తండ్రి కారులో ఉండేదని చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మావాడు నా మోచేతిని నొక్కాడు. ఆనందం అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

అప్పుడు జడ్జి తెల్ల బూటు మీద ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. డబ్బా అడుగు నుంచి కారుతోంది. యాసిడ్ అని ఎవరో అరిచారు. మడత కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. జడ్జి మాత్రం చేతికి తొడుగు వేసుకుని, ఒక మూత విప్పి, లోపలికి టార్చి కొట్టాడు. నీళ్లలో, చెరువులో గేదెలా ప్రశాంతంగా, ఎర్ర స్టిక్కరుతో ఆ బ్యాటరీ. ఆయన మళ్లీ పెదవి విరిచి పక్క కారు దగ్గరికి నడిచాడు.

మామగారు ముందుకొచ్చారు.

"పొద్దున్న మీరు తయారవుతుంటే నేనే పోశానండీ. కాకినాడలో మన ఇన్వర్టర్‌కి నెలనెలా పోస్తాను కదా, చూస్తూ ఎలా ఊరుకుంటాను? మూత తీస్తే లోపల చుక్క లేదు. ఇస్త్రీపెట్టె కోసం అమ్మాయి తెచ్చుకున్న డిస్టిల్డ్ వాటర్, సగం క్యాను తాగేసిందండీ పాపం."

"అది ఉత్త డబ్బా మామయ్యగారూ! అందులో నీళ్లు పోయకూడదు!"

మామగారు డబ్బాని చూశారు, అల్లుడిని చూశారు.

"పోయకూడనప్పుడు మూతలెందుకు పెట్టారండీ, అల్లుడుగారూ?"